నూతి ఒరల మీద గీతలు

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుంటే, దారినపోయేవాళ్ళు సైకిలు ఆపి మంచినీళ్ళు అడిగేవారు. మా నూతి నీళ్ళు అంత తియ్యగా ఉండేవి.

ఒకరోజు ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన ఆగారు. చెంబుతో నీళ్ళిచ్చాను. "నీళ్ళు భలే ఉన్నాయమ్మా" అన్నారు. నాకు పదేళ్ళు. ఊరుకోవచ్చుగా... "మా నూతిలో తాబేలుందండి. పురుగులన్నీ అదే తినేస్తుంది" అని గొప్పగా చెప్పేశాను.

ఆయన ఫారెస్టు గార్డు! ఎండాకాలం మరమ్మతులకని కాలువలకు నీళ్ళు ఆపేస్తారు కదా... ఆ బురదలో తాబేళ్ళను పట్టి అమ్ముతున్నారని తెలిసి వచ్చారట.

మామ్మని, అంటే మా నాన్నగారి అమ్మని, పిలిపించారు.

"ఏంటండీ మామ్మగారూ, తాబేలుని పెంచుతున్నారంటగా? చట్టం ఒప్పుకోదండి."

"నేను పెంచడమేంటి బాబూ? మా అత్తగారు వేశారు. నేను కాపరానికొచ్చేసరికే ఉంది. ఈ ఇంట్లో నాకంటే అదే పెద్దది."

"అయితే తీసి కాలువలో వదిలేయండి."

"ఏ కాలువలో? చుక్క నీళ్ళు లేవు. ఇవాళ వదిలితే సాయంత్రానికి ఎవరి కూరలోనో ఉడుకుతుంది. అప్పుడు కేసు నామీదా, మీమీదా?"

ఆయన తల గోక్కున్నారు. "సరేనండి. కాలువకి నీళ్ళొచ్చిన రోజున వదిలేయండి. మళ్ళీ వస్తాను. అప్పటికీ ఉంటే మాత్రం కేసు రాయాల్సొస్తుంది."

సైకిలు మలుపు తిరగగానే మామ్మ నవ్వేసింది. "నూతిలోకి దిగి చూస్తాడేంటి?"

మా తమ్ముడు మాత్రం నన్ను వదల్లేదు. "అక్కా, మామ్మని జైల్లో పెడితే నీవల్లే!" వాడికి ఆరేళ్ళు. నేను పోయి దేవుడి గూటి ముందు కూర్చున్నాను... ఆ వేసవంతా నా ప్రార్థన ఒక్కటే. మామ్మకి ఏమీ కాకూడదు. తాబేలు పోకూడదు.

ఆ వారమే నుయ్యి పూడిక తీయించాం. నీళ్ళన్నీ తోడేశాక, లోపలికి దిగిన పూడికలు తీసే సత్తియ్య తాబేలుని బుట్టలో పెట్టి పైకి పంపాడు. మామ్మ దాన్ని నీళ్ళ గంగాళంలో వేసి, ఎప్పటిలాగే "కూర్మయ్య తండ్రీ" అని వీపు మీద పసుపు రాసింది.

ఇంతలో లోపలినుంచి సత్తియ్య గొంతు... "మామ్మగారండీ, ఈ గీతలేంటో ఓపాలి చూడండి!"

నేను గోడ అద్దం తెచ్చి, ఎండని నూతిలోకి తిప్పి పట్టుకున్నాను.

నూతి గోడగా ఒకదాని మీద ఒకటి దించిన ఒరల మీద పచ్చటి పాచి. ఆ పాచి నిండా గోళ్ళ గీతలు... నీటిమట్టం ఎంతవరకు దిగితే అంతవరకు, ఒర వెంట ఒర, చుట్టూతా. అన్నీ పైకే. అన్నీ జానెడు ఎక్కి ఆగిపోయినవే.

మామ్మ చాలాసేపు వంగి చూసింది. "ఎన్నేళ్ళబట్టి ఎక్కుతోందో..." అంది. అంతే. గంగాళం దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

ఆ తాబేలు మళ్ళీ నూతిలోకి వెళ్ళలేదు. పెరట్లో గోలెంలో, నీడపట్టున ఉంచాం. నీళ్ళు నేనే మార్చేదాన్ని.

కాలువకి కొత్తనీరు వచ్చిన రోజు పసుపు కుంకుమ పట్టుకుని రేవుకి వెళ్ళాం. మామ్మ నీళ్ళకి దణ్ణం పెట్టి, బుట్ట వంచింది. తాబేలు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందని తమ్ముడు నిలబడి నిలబడి ఎదురుచూశాడు.

చూడలేదు.

వాడి ఏడుపు ఇప్పటికీ గుర్తే. నేను ఏడవలేదు. నా ప్రార్థనలో సగమే నెరవేరింది... ఆ సగమే సరైనదని అప్పుడే తెలిసింది.

తరవాత గార్డు గారు మళ్ళీ వచ్చారు. "వదిలేశాం బాబూ, మీ కేసుకి భయపడి మాత్రం కాదు" అంది మామ్మ. ఆయన నూతిలోకి తొంగి చూడలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

మొన్న రాజమండ్రిలో తమ్ముడింటికి వెళ్ళాను. హాల్లో గాజు తొట్టి... అందులో చిన్న తాబేలు.

"ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్నారక్కా" అన్నాడు.

అది గాజు మీద కాళ్ళు ఆడిస్తూనే ఉంది. నేను చట్టం మాట ఎత్తలేదు.

"గాజు మీద గీతలు పడవు కదరా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోను... "అక్కా, ఫారెస్టు ఆఫీసులో అప్పజెప్పేశాను. మనంతట మనం కాలువలో వదలకూడదట."

మా నూతి మీద ఇప్పుడు స్లాబు ఉంది. మోటారు మీట నొక్కితే నీళ్ళొస్తాయి. సైకిలు ఆపి మంచినీళ్ళడిగేవాళ్ళే లేరు...

మీ నూతిలోనూ తాబేలు ఉండేదా? ఉంటే, చివరికి దాన్ని ఏం చేశారు?