పసుపు దారం కట్టిన పోతు

ఆ యేడు నా పని మేకపోతుల వట్టలు నొక్కడం. ఇంట్లో అడిగితే ఏదో రీసెర్చి అనేదాన్ని. కత్తి పెట్టకుండా చేసే మూడు పద్ధతులను పోల్చాలి: బిగుతు రబ్బరు రింగు, ఇంజెక్షను, చర్మం తెగకుండా లోపలి నరాన్ని నలిపే పెద్ద పటకారు. మొదటి పోతు అరిచినప్పుడు ఏడ్చాను. ఆరోది అరుస్తుంటే క్యారేజీలో ఏం కూర తెచ్చానా అని ఆలోచిస్తున్నాను.

మేకలు మాణికేశ్వర్ నగర్‌లో ఉండే ఒక ముసలమ్మవి. మా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే మేపుకునేది. వట్టలు నొక్కి ఖస్సీ చేస్తే బాగా బలుస్తాయని పోతుపిల్లలన్నిటినీ తనే తోలుకొచ్చింది. ఒకదాని మెడలో మాసిన పసుపు దారం, ఎండిన వేపాకు ఉన్నాయి. మురికనుకుని కత్తిరించి, నంబరు బిళ్ల కట్టి, పటకారుతో నొక్కేశాను. దారమున్నదాన్ని ముట్టకూడదని అక్కడ చిన్నపిల్లలకైనా తెలుసు. అందుకే ఆవిడ విడిగా చెప్పలేదు. కోస్తాలో చర్చి కాంపౌండులో పెరిగిన నాకు తెలియలేదు.

రెండు వారాలకు బరువులు తూస్తుంటే వచ్చి అడిగింది.

"దారమేది బిడ్డా? అది మైసమ్మకు మొక్కిన పోతు. నా బిడ్డకు రెండుసార్లు కడుపు పోయింది, ఈసారన్న నిలవాలని మొక్కిన. ఖస్సీది అమ్మకు నడవది. దానికేం చేయలే గదా?"

అప్పటికే వాపు తగ్గిపోయింది. పైకి గాయం కనిపించదు, ఆ పద్ధతి గొప్పతనమే అదని నా నోట్సులో రాసుకున్నాను కూడా. ఏం చేయలేదమ్మా అన్నాను. సిగ్గులేని గొంతు, కాస్తయినా వణకలేదు.

బోనాలు అయిన వారానికి తార్నాకలో నా గదికి డబ్బా పట్టుకుని వచ్చింది. కూతురికి ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరూ బాగున్నారట. మొక్కు తీర్చిన మాంసం, తినమంది. మా ఇళ్లలో బలిచ్చినది ముట్టరు. ఎందరి ఇళ్లలోనో వద్దని లేచొచ్చినదాన్ని, ఆ రోజు ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆడిన అబద్ధానికి ఈ శిక్షయినా పడనీ అనుకున్నాను.

నేను నమలడం చూస్తూ కూర్చుంది.

"గిది ఆ పోతు కాదు బిడ్డా. నెల తిరిగినంక చేత్తోని పట్టి చూస్తే తెల్సింది. మా అక్కను అడిగి ఇంకోటి తెచ్చి అమ్మకు ఇచ్చిన. నువ్వే చెప్తవేమోనని రోజూ మీ గేటు కాడ నిలబడ్డ."

డబ్బా నా వైపు జరిపి, సల్లారుతది తిను అంది. తిన్నాను.