కోరుట్ల హీరో, సిరిసిల్ల విలన్

ర్యాప్ అంటే పాట కాదు, కుస్తీ అని నేను ఇప్పటికీ వాదిస్తాను. చిన్నప్పుడు టీవీలో చూసిన ఆ ఫారిన్ కుస్తీ. నూనె రాసుకున్న కండలవాళ్లు ఒకరి నడుములొకరు విరగ్గొట్టుకుని, పొద్దుగూకితే ఒకే హోటల్లో కూర్చుని తినేవాళ్లట. అదంతా నాటకమని మాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది. తెలిశాక ఇంకా ఇష్టంగా చూశాం. తర్వాత నెట్ చవకై, ఎక్కడెక్కడి ర్యాపర్లో నేను పనిచేసే జగిత్యాల ఫ్లెక్సీ షాపులోకి, నా ఫోన్లోకి వచ్చి తిట్టుకోవడం మొదలుపెడితే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఒకడి మెడలో లావుపాటి బంగారు గొలుసు. అదే ఛాంపియన్ బెల్టు. ఒకడు నిన్నటిదాకా జోడీగా పాడినవాణ్ని ఈరోజు వెన్నుపోటు పొడుస్తాడు. రింగులో జోడీలు విడిపోయేదీ అట్లాగే. ఇంకొకడు ఇక పాడనని కళ్లనీళ్లు పెట్టుకుని సెలవు తీసుకుంటాడు. ఆరు నెలలు తిరక్కుండానే పొగలోంచి నడిచొస్తాడు. దుబాయ్ ఇంటర్వ్యూల ఫ్లెక్సీలు, పుట్టినరోజులవి, చావులవి డిజైన్ చేస్తూ ఈ సిద్ధాంతాన్ని దొరికినవాడికల్లా చెప్పేవాణ్ని. అందరూ నవ్వి పోయేవాళ్లు. ఇద్దరు మాత్రం నవ్వి, పోకుండా కూర్చున్నారు.

ఒకడు కోరుట్లవాడు, డిగ్రీలో నా దోస్తు. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది, నాయన గల్ఫ్‌లో కూలీలుండే క్యాంపుకు బాస్ అని చెప్పుకునేవాడు. రెండోవాడు సిరిసిల్లవాడు. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఆర్డర్లు లేక నెలలో సగం రోజులు సాంచాలు ఆగిపోతే, ఆ ఖాళీలో పాటలు కట్టేవాడు. ఇద్దరూ మన భాషలో ర్యాప్ పాడతారు, ఇద్దరికీ గొంతుంది, వినేవాడే లేడు. ఒకరంటే ఒకరికి ప్రాణం కూడా. అదే తప్పన్నాను.

"దోస్తానా ఎవడు జూస్తడు? జగడం పెట్టుకోండ్రి. ఒకడు హీరో, ఒకడు విలన్. నేను రాస్త."

ప్రోగ్రాములు దొరికేది కోరుట్ల, మెట్‌పల్లి వైపు కాబట్టి సిరిసిల్లవాణ్ని విలన్ చేశాను. పక్క ఊరివాణ్ని తిట్టడానికి జనానికి వేరే కారణం అక్కర్లేదు. నిజానికి కుక్క మొరిగితే రోడ్డు దాటి నడిచే మనిషి వాడు. నల్లద్దాలు పెట్టి, మెడలో షాపులోని స్టీలు గొలుసు వేసి, మంటల మధ్య నిలబెట్టి ఫ్లెక్సీ కొట్టాను. హీరోను తిడుతూ పాట పెట్టిన ప్రతిసారీ వాడు హీరో తల్లికి ఫోన్ చేసేవాడు.

"పెద్దమ్మా, గీ పాటల మీ కొడుకును జర ఎక్కువ తిట్టిన. మనసుల వెట్టుకోకు."

"తిట్టు కొడుకా, తిట్టు. ఇంట్ల నా మాటెట్లా ఇనడు. నీ మాటన్న ఇంటడేమో," అనేది ఆమె, బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే.

కథ అంటుకుంది. మెట్‌పల్లి నుంచి చందుర్తి దాకా పోరగాళ్లు రెండు పార్టీలయ్యారు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, వీళ్లిద్దరూ నా షాపులో ఒకే కప్పు చాయ్ సగం సగం తాగుతుంటే కింద కామెంట్లలో వాళ్లు తలలు పగలగొట్టుకునేవాళ్లు. గల్ఫ్ రూముల్లో కూడా మావాళ్లు పాటలు పెట్టుకుని, ఎవరు గెలిచారని పందేలు కాసేవాళ్లట. నాకు ఒకటే పద్ధతి ఉండేది: ఒకడికి రాసింది రెండోవాడికి ముందుగా చూపించను. పాట బయటికొచ్చాకే వినాలి. అప్పుడే జవాబులో కోపం నిజంగా పలుకుతుంది. నేను రాసినదానికి వాళ్లూ సొంతంగా నాలుగు లైన్లు కలుపుకునేవాళ్లు.

ఒక సాయంత్రం మెట్‌పల్లిలో ప్రోగ్రాం అయిపోయి బండి మీద వస్తుంటే, వెనక కూర్చున్న కోరుట్లవాడు ఉన్నట్టుండి చెప్పాడు.

"మా నాయిన క్యాంపు బాస్ కాదురా. కంపెనీ ఇడిసిపెట్టి మూడేండ్లాయె. ఖల్లివెల్లి ఉన్నడు."

కంపెనీ నుంచి పారిపోయి, పాస్‌పోర్టు చేతిలో లేక, దొరికిన పని దొంగచాటుగా చేసుకునేవాణ్ని మా దగ్గర అట్లా అంటారు. మా దిక్కు ఆ మాట తెలియని ఇల్లుండదు. కానీ తన ఇంటి గురించి ఎవరూ అనరు.

"అమ్మకు తెల్వది. తెలిస్తె ఆగమైతది. నీకొక్కనికే చెప్తున్న."

"నా నోట్లెకెళ్లి రాదు," అన్నాను. అన్నట్టే నా నోట్లోంచి రాలేదు. ఇంకొకడి నోట్లో పెట్టాను.

ఎండాకాలం వచ్చేసరికి జనానికి మా జగడం పాతబడింది. టీవీ కుస్తీలో ఇట్లాంటప్పుడు ఇంట్లోవాళ్లను కథలోకి లాగుతారు. తండ్రినో చెల్లెనో ఒక మాట అంటారు, స్టేడియం లేచి నిలబడుతుంది. నాకు ఆ బుద్ధే పుట్టింది. సాకులు చెప్పను. ఆ రెండు లైన్లు రాసినప్పుడు నాకు గర్వంగా ఉండింది. ఇప్పటికీ అవి బాగున్నాయనే అనిపిస్తుంది, అందుకే నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

"క్యాంపు బాసంటవ్ నాయిన, కంపెనీల పేరే లేదాయె,
ఖల్లివెల్లి కొడుకువు నువ్వు, కాలరెగరేసుడు సాలాయె."

సిరిసిల్లవాడు చదివి కాగితం పక్కన పెట్టాడు. "గిది నిజమా?"

"ఉత్తదే. కథ కోసం."

"పెద్దమ్మ ఏమనుకుంటదో."

"గామె నవ్వుతది తియ్యి. ఎప్పుడన్న ఏమన్న అన్నదా?"

నమ్మాడు, పాడాడు. రెండు రోజుల్లో అది అన్ని ఫోన్లలోకీ పాకింది. ఆ తల్లి బీడీలు చేసే వాడకట్టులోనే, పక్కామె ఫోన్లో విన్నది. అదే రోజు భర్తకు ఫోన్ చేసి అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. పరువు పోయిందని ఆమె ఏడుస్తుందని నేననుకున్నాను. ఆమె ఏడ్చింది వేరే దానికి. ఆ మూడేళ్లలో ఆయనకు రెండుసార్లు జ్వరమొచ్చి, దొరికిపోతానన్న భయంతో దవాఖానకు పోలేదట. ఫోన్‌లో మాత్రం ఏసీ చల్లగా ఉందని చెప్పేవాడట. పది రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఇదంతా నాకు వాళ్ల పక్కింటివాళ్లు చెప్పారు. ఆ ఇంటి గడప తొక్కే ధైర్యం నాకు లేకపోయింది.

వినాయక చవితికి కోరుట్లలో మండపం దగ్గర ఇద్దరి ప్రోగ్రాం ముందే ఒప్పుకుని ఉంది. హీరో రాడనుకున్నాను. వచ్చాడు. స్టేజీ వెనక నాతో కలిసి మిర్చీ తిన్నాడు, నవ్వాడు కూడా. స్క్రిప్టు ప్రకారం చివర్లో హీరో కుర్చీ ఎత్తి విలన్ వీపున కొట్టాలి. దానికోసం ఒక ప్లాస్టిక్ కుర్చీని హాక్సా బ్లేడుతో సగం దాకా కోసి పెట్టాను, తగలగానే ముక్కలైపోయేటట్టు. పాట ఆఖరికి వచ్చింది. సిరిసిల్లవాడు అలవాటు ప్రకారం వీపు తిప్పి నిలబడ్డాడు. కోరుట్లవాడు నా ప్లాస్టిక్ కుర్చీ దాటిపోయి, మైకు సెట్టు పక్కనున్న టెంట్‌హౌస్ ఇనుప కుర్చీ ఎత్తాడు. మొదటి దెబ్బకు సిరిసిల్లవాడు బోర్లా పడ్డాడు. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు. జనం ఈలలు వేశారు. మూడో దెబ్బకు గానీ అది నాటకం కాదని ఎవరికీ అర్థం కాలేదు. మా వీడియోల్లో ఎక్కువమంది చూసింది అదే.

కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. జగిత్యాల దవాఖానలో నేను బత్తాయిలు తీసుకుని పోతే వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అందరు నేనే రాసిననుకుంటుండ్రు. అనుకోనీ. నీ పేరు తియ్యలే," అన్నాడు. ఇటు తిరక్కుండానే అడిగాడు: "గది నిజమేనా?"

"నాకూ తెల్వదు," అన్నాను. ఆ మనిషికి నేను చెప్పిన రెండో అబద్ధం అది.

చెయ్యి అతికింది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. తెగిన పోగును ముడివేయలేనివాడికి సిరిసిల్లలో ఏం పని? మేనమామతో భీవండి పోయి, ఏదో గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు. నేను రెండుసార్లు ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, డ్యూటీ ఉందని పెట్టేశాడు.

ఆ తర్వాతి ఏడాది గల్ఫ్‌లో సర్కారు ఖల్లివెల్లివాళ్లకు మాఫీ ప్రకటించింది. జైలు లేకుండా పోవచ్చనేసరికి కోరుట్లవాడి నాయన ఇంటికొచ్చాడు. రోడ్డు మీద చూస్తే నేను గుర్తుపట్టలేదు, అంత చిక్కిపోయాడు. ఆయన వచ్చిన నాలుగు నెలలకే కొడుక్కు వీసా తగిలింది. ఇంట్లో ఒకరు అక్కడ ఉండాల్సిందేనన్నట్టుగా ఉంటాయి మా బతుకులు. మండపం నాటి నుంచి మేం ఆ సంగతి ఎత్తుకోలేదు. వాడు పోతుంటే కడుపులో పెట్టుకోలేక కోరుట్ల బస్టాండుకు పోయాను. తల్లిదండ్రులు దూరంగా బెంచీ మీద కూర్చున్నారు. వాడు బ్యాగు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"గా లైను నేనే రాసినరా," అన్నాను. కొడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండుననే నా కోరిక.

"ఎర్కే," అన్నాడు. "నీకు దప్ప ఎవలికి చెప్పిన నేను? ఇన్నప్పుడే ఎర్కైంది."

"మరి వాన్నెందుకు కొట్టినవ్?"

వాడు నన్ను వింతగా చూశాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"జనం సూస్తుండ్రి గదరా. నిన్ను కొడితె ఎవలికి సమజైతది? నువ్వెవలివో ఎవలికెర్క?"

హైదరాబాద్ బస్సు వచ్చింది. వాళ్ల నాయన లేచి బ్యాగుకు ఒక చెవి పట్టుకున్నాడు, రెండో చెవి నన్ను పట్టుకోమన్నాడు.