గాలీ ధూళీ వదిలించే మిషను

1974 ఏప్రిల్‌లో నన్ను విజయవాడ బ్రాంచికి సర్వీస్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఆఫీసు గవర్నర్‌పేటలో, ఒక లాడ్జి కింద. మద్రాసులో తయారైన ఎయిర్ కండిషనర్లూ వాటర్ కూలర్లూ కృష్ణా జిల్లాలో అమ్మడం, బిగించడం, గ్యారంటీ ముగిసేదాకా తిట్లు తినడం బ్రాంచి పని. అమ్మకం సేల్స్ వాళ్లది, బిగింపు మెకానిక్కులది, తిట్లు నావి. నా పైన మేనేజరు ఒక్కడే. ఆయనకు ఎద్దు ఈనిందని చెప్పినా దూడని కట్టెయ్యమనేవాడు.

ఆ వేసవిలోనే కంపెనీ ‘రూమ్ ఎయిర్ క్లీనర్’ అనే కొత్త సరుకు దింపింది. ఇప్పుడు ఎయిర్ ప్యూరిఫయర్ అంటున్నారే, దానికి తాత. సగం బీరువా అంత రేకు పెట్టె. లోపల మోటారు, దానికో ఫ్యాను. గదిలోని గాలిని కింది జాలీలోంచి లాక్కుని పై జాలీలోంచి వదులుతుంది. మధ్యలో రెండు వడపోతలు. మొదటిది ముతక స్పాంజి. దూదిపోగులూ వెంట్రుకలూ అక్కడ ఆగుతాయి, దాన్ని సబ్బునీళ్లలో ఉతుక్కోవచ్చు. రెండోది విసనకర్రలా మడతలు పెట్టిన కాగితంలాంటి ఫిల్టరు. కంటికి కనపడని దుమ్మూ, దాన్ని అంటిపెట్టుకుని తిరిగే క్రిములూ అందులో చిక్కుకోవాలి. దీనికి నీటిచుక్క తగలకూడదు. తగిలితే మడతలు అతుక్కుపోయి గాలి ఆడదు. మొదటిది ఉతకాలి, రెండోది ఉతకకూడదు. ఈ ఒక్క ముక్క జనానికి చెప్పలేక నా తలప్రాణం తోకకొచ్చింది.

మా బ్రాంచి అమ్మిన మొదటి ఎయిర్ క్లీనర్ వన్ టౌన్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంటికి వెళ్లింది. కింద చేనేత బట్టల హోల్‌సేల్ కొట్టు, వెనక నూలు గోడౌను, పైన కాపురం. బిగించే ముందు సైట్ చూడాలన్నది రూలు. గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, అందులోని గాలి గంటకు ఎన్నిసార్లు మిషన్లోంచి వెళ్తుందో లెక్క కట్టాలి. తలుపులూ కిటికీలూ చూడాలి. నేను టేపు పట్టుకుని వెళ్లాను. సేల్స్ రిప్రెజెంటేటివ్ శేషగిరి టై కట్టుకుని నా వెంట వచ్చాడు.

మిషను ఎవరికోసమో యజమాని వెంకటేశ్వర్లుగారు మెట్ల మీదే నిలబెట్టి చెప్పారు. ఆయన భార్య రాజ్యలక్ష్మికి ఉబ్బసం. పెళ్లయి రెండేళ్లు. బందరు దగ్గర పుట్టింట్లో ఉన్నన్నాళ్లు దగ్గు కూడా ఎరగదు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నెలలోనే ఆయాసం మొదలైంది. ఛాతీ డాక్టరుగారు పరీక్ష చేసి, నూలు దుమ్ము పడటం లేదన్నారు, దుమ్ము లేని గదిలో ఉంచమన్నారు. ఇంతవరకూ తిన్నగానే ఉంది. కానీ వెంకటేశ్వర్లుగారి తల్లి కోటమ్మగారిది వేరే నిర్ధారణ. పుట్టింట్లో రాని జబ్బు అత్తింట్లోనే వస్తోందంటే, ఆ పిల్ల మీద కాపురం పడనివ్వని గాలి ఏదో ఉందని ఆవిడ వాదన. డాక్టరూ ఆవిడా చూసింది ఒకే సాక్ష్యం, చెప్పిన తీర్పులు మాత్రం వేరు.

“ఆషాఢం వంకన పుట్టింటికి పంపించేద్దామంటంది అమ్మ. నయమయినాక తీసుకొద్దాం అంటంది. అట్లా పోయినోళ్లని మళ్లీ పిలిచిన ఇల్లు మా బజార్లో నేను చూళ్లేదండీ” అన్నారాయన. కొత్తగా పెళ్లయినవాళ్లను ఆషాఢానికి పంపడం అందరిళ్లలో ఉన్నదే. రెండేళ్ల తర్వాత పంపడమంటే అర్థం వేరని నాకూ తెలుసు. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదాయన. అందుకే మిషను కొంటున్నారు.

గది కొలిచాను. అటక మీద నూలు బేళ్లు, మంచం మీద బూరుగుదూది పరుపు, గోడ పొడుగునా పాత చీరల మూటలు. ఇవన్నీ ముందు బయటికి పోవాలని, ఆ తర్వాతే మిషనని నేను చెబుతూ ఉండగా శేషగిరి అడ్డం వచ్చాడు. వాడి చేతిలో ఇంగ్లీషు బ్రోచరు ఉంది. అందులో గాలిలో తేలే ధూళిని తొలగిస్తుందని ఉంది. వాడు దాన్ని కోటమ్మగారికి తెలుగు చేసి వినిపించాడు.

“మా మిషను పెడితే గాలీ ధూళీ అన్నీ వదిలిపోతాయండీ.”

తెలుగువాళ్లకు గాలీ ధూళీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అందులోనూ ‘వదిలిపోవడం’. అప్పటిదాకా గోడవైపు తిరిగి తమలపాకులు తుడుచుకుంటున్న కోటమ్మగారు మొదటిసారి మావైపు తిరిగారు. కరెంటుతోనే వదిలిపోతాయా, మధ్యలో నిమ్మకాయలేమైనా కావాలా అని అడిగారు. ఇది దుమ్ము సంగతండీ, ఆ గాలి సంగతి కాదండీ అని నేను మొదలుపెట్టాను. శేషగిరి నా మోచెయ్యి నొక్కాడు. కిందికి వచ్చాక, ఆర్డరు ఖాయమయ్యేదాకా కాస్త నోరు మూసుకోవయ్యా, ఆవిడ కాదంటే కొడుకు కొనడు అన్నాడు. వాడికి తెలుగు రాక కాదు, వచ్చే అన్నాడని అప్పుడర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మిషను బిగించాం. వోల్టేజి ఎగుడుదిగుళ్లకు స్టెబిలైజరు పెట్టించాం. రాజ్యలక్ష్మి చదువుకున్న పిల్ల. రెండు ఫిల్టర్ల తేడా ఒక్కసారి చెబితే తిరిగి నాకే అప్పజెప్పింది. నిశ్చింతగా ఆఫీసుకు వచ్చాను.

కొన్నాళ్లకే కంప్లైంటు వచ్చింది, మిషను పనిచెయ్యడం లేదని. వెళ్లి చూద్దును కదా, గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల వీధిలోని తల్లులంతా చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. పాలు తాగని పిల్ల, రాత్రుళ్లు ఉలిక్కిపడే పిల్లాడు, ఊరికే ఏడ్చే ఇంకొకడు. ఒక్కొక్కరినీ కోటమ్మగారు పై జాలీ ముందు మూడుసార్లు తిప్పి ఇస్తున్నారు. మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. కింది జాలీకి ఎదురుగా ధూపం వేసే మట్టి పాత్ర, అందులో నిప్పుల మీద సాంబ్రాణి. ఆ పొగంతా మిషను శ్రద్ధగా లోపలికి పీలుస్తోంది. పొగకు తోడు బజార్లోని జలుబులన్నీ ఆ పిల్లల ముక్కుల వెంట గదిలోకి వచ్చాయి. ఎవరికోసం మిషను కొన్నారో ఆ రాజ్యలక్ష్మి వసారాలో స్తంభానికి ఆనుకుని, భుజాలెగరేస్తూ ఊపిరి పీల్చుకుంటోంది.

పెట్టె విప్పాను. స్పాంజి మసిబారి నల్లగా ఉంది. కాగితం ఫిల్టరు పసుపుపచ్చగా ముద్దకట్టి ఉంది. దానికి శుక్రవారం పసుపునీళ్లతో స్నానం చేయించారట. వద్దని రాజ్యలక్ష్మి చెప్పింది. ఆ పిల్ల వద్దన్నదంటే ఆ పిల్ల మీదున్నదే వద్దంటోందని కోటమ్మగారు ఇంకో రెండు చెంబులు పోశారు.

నేను శాంతంగానే మొదలుపెట్టాను. పొగ కూడా దుమ్మేనని, ఉబ్బసం మనిషికి అది విషమని, తలుపులు మూస్తేనే మిషను పనిచేస్తుందని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, “మరి ధూపం వెయ్యకపోతే గాలి ఎట్లా వదులుద్ది బాబూ?” అన్నారు. ఇంకా, మిషను పెట్టినాక కూడా పిల్లకు తగ్గలేదంటే ఇది మామూలు గాలి కాదని తేలిపోయిందనీ, ఆషాఢం రాగానే పంపించేస్తామనీ అన్నారు. అంటే మా మిషను ఆ పిల్లను కాపాడటం పోయి, ఆమె మీద సాక్ష్యం చెప్పడానికి ఉపయోగపడింది.

ఆఫీసుకు వచ్చి శేషగిరిని కడిగేశాను. వాడు నిదానంగా, ఆ వీధిలోంచి ఇంకో రెండిళ్లవాళ్లు మిషను రేటు అడుగుతున్నారని చెప్పాడు. మేనేజరు ఆ మాట పట్టుకుని, అలాంటి పార్టీని నొప్పించకు, ఫిల్టరు మార్చి రా అన్నాడు. నీళ్లు పోసిన ఫిల్టరుకు గ్యారంటీ వర్తించదని రూలు చూపించాను. రూళ్లు నాకు నేర్పకు అన్నాడు.

కొత్త ఫిల్టరు పట్టుకుని వెళ్లినప్పుడు కోటమ్మగారు పూజలో ఉన్నారు. పూజగది గుమ్మం దగ్గర నిలబడబోతే, “అక్కడే ఉండు బాబూ, మడి బట్టలు తగుల్తయ్యి” అని లోపలినుంచి కేక వేశారు. వెనక్కి తగ్గి చూశాను. ఆ ఇంట్లో గోడౌను నూలు పోగు ఎగరని చోటు లేదు, అన్నంలో కూడా వచ్చేదని వెంకటేశ్వర్లుగారే చెప్పారు. ఈ గది మాత్రం అద్దంలా ఉంది. రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తారు. చీపురు తగలనివ్వరు. బయట తిరిగిన బట్టలతో ఎవరూ రారు. ఆరేసిన బట్టలు కర్రతో తీసి కట్టుకుంటారు. తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. ఛాతీ డాక్టరుగారు మందులచీటీ మీద రాయగలిగినదంతా ఆ గదిలో ఎప్పటినుంచో జరుగుతోంది.

ఆవిడ బయటికి రాగానే, “ఈ మిషనుకి మడి ఉందండీ. అది తప్పింది, అందుకే పనిచెయ్యలేదు” అన్నాను.

నా ఇరవైతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఒక కస్టమరు నా మాట అంత శ్రద్ధగా వినడం మళ్లీ చూడలేదు. మిషనున్న గది పొద్దునా సాయంత్రం తడిగుడ్డతో తుడవాలన్నాను. చీపురు తగిలితే మైల. గోడౌనులోంచి వచ్చినవాళ్లు, ఆవిడ కొడుకైనా సరే, స్నానం చేసి బట్టలు మార్చుకునే లోపలికి రావాలి. దూది పరుపు పనికిరాదు, చాపా ఉతికిన దుప్పటీ చాలు. మూటలూ బేళ్లూ ఉండకూడదు. వీధిలో పిల్లల్ని తేకూడదు. లోపలి కాగితాన్ని మెకానిక్కు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

ఆవిడ ఒక్కటే అడిగారు. “మరి ధూపం?”

“పొగ దీనికి మైలండీ” అన్నాను.

అంతే. ఆ సాయంత్రానికే బేళ్లు దిగిపోయాయి. ఆ తర్వాత ఒకసారి జాలీలు చూడటానికి వెళితే, రోడ్డు దుమ్ముతో వచ్చావా బాబూ అని నన్నే కాళ్లు కడుక్కోమని, పైన ఒక ఉతికిన తువ్వాలు కప్పి మరీ పంపారు. వెంకటేశ్వర్లుగారు తన గదిలోకి తాను వెళ్లడానికి రోజుకు మూడు స్నానాలు చేస్తున్నానని నా దగ్గర మొత్తుకున్నారు. నాకు జాలి వెయ్యలేదు. ఆషాఢం వచ్చింది, వెళ్లింది. రాజ్యలక్ష్మి ఆ ఇంట్లోనే ఉంది.

దసరా వెళ్లాక రొటీన్ సర్వీసింగుకు వెళ్లాను. గ్యారంటీలో ఉన్న యంత్రాన్ని ఫిర్యాదు లేకపోయినా విప్పి చూసి, మోటారుకు నూనె వెయ్యాలి. రాజ్యలక్ష్మి తలుపు తీసింది. మనిషి కాస్త ఒళ్లు చేసింది, మెట్లెక్కి వచ్చినా మాట తడబడటం లేదు. స్విచ్చి వేశాను. ఎర్రదీపం వెలిగింది, చప్పుడు లేదు. విప్పితే మోటారులోని తీగచుట్ట కాలి నల్లబడి ఉంది. ఫ్యాను రెక్కల మీద పేరుకున్న సన్నటి నూగు చూస్తే ఆగిపోయి చాలాకాలమైందని తెలిసిపోతోంది.

ఎప్పటినుంచని అడిగాను. ఆమె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆషాఢం రాకముందేనండీ. అత్తయ్యగారితో అనకండి. మిషను లేదంటే మడీ పోద్ది. మళ్లీ తలుపులు తీస్తారు, చీపుర్లొస్తయ్యి, ధూపం వేస్తారు. నేను బందరు బస్సెక్కాల్సి వస్తది.”

కంప్లైంటు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. రోజూ స్విచ్చి వేసి, దీపం వెలిగించి, ఆ చచ్చిన పెట్టె పక్కన నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చుందన్నమాట. నేను పెట్టె మూసి, మోటారు తెచ్చి మారుస్తానని చెప్పి దిగాను.

కింది మెట్టు మీద కోటమ్మగారు నిలబడి ఉన్నారు. తలుపు వైపు ఒకసారి చూసి నెమ్మదిగా అడిగారు.

“ఆగిపోయిందని చెప్పిందా?”

నేను పనిముట్ల సంచీ భుజం మార్చుకున్నాను.

“మిషను గీపెడతా ఉంటే ఇల్లంతా వినపడేది. చప్పుడు లేకపోతే నాకు తెలవదా బాబూ? నేను ఎరుగుదునని దానికి చెప్పబాక, బెదురుద్ది. పిల్లకి ఊపిరాడతంది, అది చాలు.”

మరి గాలి సంగతేమిటని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ అప్పటికే తడిగుడ్డ పిండుకుంటూ పైకి వెళ్తున్నారు. అదే గుడ్డ మొదటిరోజే పట్టుకుని ఉంటే నాకు ఇన్ని తిరుగుళ్లు తప్పేవి కదా అని చిరాకు ముంచుకొచ్చింది.

మర్నాడు వెళ్లి మోటారు మార్చాను. ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేని మోటారది. కానీ గ్యారంటీలో ఉంది కాబట్టి మార్చడం నా ఉద్యోగం.

ఎయిర్ క్లీనర్ పనికిరానిదని నేను అనను. గదిలోకి దుమ్ము రాకుండా చూసుకున్నాక, మిగిలినదాన్ని అది పడుతుంది. రోజూ బుట్టలతో దుమ్ము తెచ్చి పోస్తే ఏ యంత్రమూ ఎత్తిపొయ్యలేదు. అప్పటినుంచి సైట్‌కి వెళితే ముందు టేపు తియ్యడం మానేశాను. గది ఎవరు ఊడుస్తారు, దేనితో ఊడుస్తారు అని అడిగేవాణ్ని. ఆ జవాబు విన్నాక చాలా ఇళ్లలో మిషను అవసరం లేదని తేలేది. తేలినచోట ఆ మాటే చెప్పి వచ్చేసేవాణ్ని. అందుకే రిటైరయ్యేదాకా సర్వీసులోనే ఉన్నాను, నన్ను ఎవరూ సేల్స్‌లోకి తీసుకోలేదు.