రెండు వేళ్లకు ఒకే కట్టు

గురువారం పొద్దున కాలేజీకి తయారవుతుంటే, నేను అక్కా అని పిలిచే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. దవాఖానలనే. నాలుగు రోజుల సంది నీ పేరే తీస్తాంది, ఆదివారం వస్తనన్నది గదా అని."

ఈ వచ్చే ఆదివారం వెళ్లాలనే అనుకున్నాను. ఆమెకు ఒక మాట చెప్పవలసి ఉంది. ఇప్పుడు దాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇది సరైన పనో కాదో నాకు తెలియడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. డిగ్రీ అయిన ఏడు నేను ఒక ప్రభుత్వ శాఖ మహిళల వాలీబాల్ జట్టులో తాత్కాలికంగా చేరాను. అందులో అక్క సెట్టర్. వచ్చిన బంతిని వేళ్లతో పైకి లేపి, కొట్టేవాళ్లలో ఎవరికి అందించాలో క్షణంలో తేల్చవలసింది సెట్టరే. జట్టులో ఆ స్థానం ఒక్కటే. అప్పటికి అక్కకు ముప్పై నాలుగు, నాకు ఇరవై ఒకటి. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి, ఆమె తర్వాత నువ్వే అని చెప్పి నన్ను తీసుకున్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు బెంచీ మీద కూర్చున్నాను.

అక్క నన్ను ఊరికే కూర్చోనిచ్చేది కాదు. మ్యాచ్ అయ్యాక వరంగల్ తిరిగొచ్చే బస్సులో, మోకాలి పట్టీలు విప్పి కిటికీ చువ్వకు ఆరేసి, బుగ్గన లవంగం పెట్టుకుని మొదలుపెట్టేది.

"మూడో సెట్ల పదిహేడో పాయింట్. బంతి నా వెనకకు వచ్చింది. నువ్వైతే ఎవరికిస్తవ్ చెల్లె?"

"పొడుగామెకే అక్కా. నువ్విచ్చినట్టే."

"నేనిచ్చినట్టే ఇస్తే ఇద్దరమెందుకు? ఒకరం ఇంటికి పోదాం."

వెనక సీటులోంచి, జట్టులో బంతి కొట్టే ఆ పొడుగామె అందుకునేది. "పోతే నువ్వే పోవాలె, ముసలిదానివి."

"పోత తియ్. ముందు గీ పిల్లను చూసుడు నేర్వనీ. ఇంకా నా చేతులనే చూస్తాంది. అవతలోళ్లను చూడాలె గని, నా చేతులల్ల ఏమున్నది?"

ప్రతి పాయింటూ ఆమెకు గుర్తుండేది. మొదట్లో నాకు సగం గుర్తుండేవి కావు, ఏడుపొచ్చేది. మూడో ఏడు వచ్చేసరికి నేను వేరే జవాబులు చెప్పసాగాను. అలాంటప్పుడు ఆమె బుగ్గన లవంగాన్ని ఇటు నుంచి అటు మార్చుకుని, "అది మంచిగుంటుండె" అనేది. ఆ రోజు తన బన్నులో సగం తుంచి నా ఒళ్లో పెట్టేది. నాకు తెలిసిన ఆటంతా ఆ బస్సుల్లోనే తెలిసింది. ఇందులో నాకు అనుమానం లేదు. మిగతా అన్నింట్లో ఉంది.

మ్యాచ్‌కు ముందు ఆమె వేళ్లకు కట్టు కట్టడం నా పని. పాత దెబ్బల వల్ల చిటికెన వేలునూ ఉంగరపు వేలునూ కలిపి తెల్ల టేపు చుట్టాలి. కత్తెర తెస్తానంటే ఆగేది కాదు, పళ్లతో చింపేసేది.

ఆ ఏడు చివరి టోర్నమెంట్ ఫైనల్‌కు శాఖ పెద్దలు వచ్చి కూర్చున్నారు. వాళ్లు చూసి నచ్చితే ఉద్యోగం పర్మినెంట్ అవుతుంది. కోర్టులో కనిపించకపోతే నా గడువు అక్కడితో ముగుస్తుంది. ఇది అక్కకు తెలుసు. వార్మప్‌లో బంతి ఆమె కుడి చిటికెన వేలి కొసకు తగిలింది. నన్ను బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచింది. వేలు బయటికి తిరిగిపోయి నల్లబడుతోంది. విరిగిందని చూడగానే తెలిసిపోయింది.

"జర గట్టిగ కట్టు చెల్లె. సారుకు చెప్పకు."

కట్టాను. చెప్పలేదు.

అయిదో సెట్లో రెండుసార్లు బంతి ఆమె వేళ్లలోంచి గిర్రున తిరుగుతూ జారింది. రెండుసార్లూ రిఫరీ ఫౌలని విజిల్ వేసి పాయింటు అవతలికిచ్చాడు. కోచ్ సారు ఆమెను గీత దగ్గరికి పిలిచి ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఓడిపోయాం. తర్వాత వచ్చిన జాబితాలో నా పేరు లేదు.

నా బతుకేం ఆగిపోలేదు. ఎం.ఏ. చేశాను, లెక్చరర్‌నయ్యాను, మా కాలేజీ ఆడపిల్లల జట్టును చూసుకుంటున్నాను. అయినా ఇరవై ఏళ్లకు పైగా ఆ తల ఊపడం నాతోనే ఉంది. క్రిస్మస్‌కు ఆమె కేకు పెట్టి పంపే స్టీలు డబ్బాను తిరిగివ్వడానికి తప్ప నేను మట్టెవాడలోని వాళ్లింటికి వెళ్లేదాన్ని కాదు. ఆమె మాత్రం ఏటా పంపేది.

పదిహేను రోజుల కింద దవాఖానలో చూశాను. మంచంలో సగమే ఉంది మనిషి. నేను అడగలేదు, తనే ఎత్తింది.

"ఆ దినం సారు అడిగిండు, చెల్లెను కోర్టులకు దింపుదామా అని. నేనే వద్దన్న."

"నేనప్పటికి తయారుగా లేనేమో అక్కా."

"ఉన్నవ్. మంచిగ తయారైనవ్. గందుకే వద్దన్న. నువ్వు దిగితే ఇగ నన్నెవరు పిలుస్తరు?" నా మొహంలోకి చూసి అడిగింది. "కోపమున్నదా?"

"ఇప్పుడేం కోపమక్కా" అన్నాను. ఎంతో పెద్ద మనసున్నదానిలా ఆమె చేయి నిమిరాను కూడా.

తిరిగొచ్చే ఆటోలో గాని నాకు నా సంగతి గుర్తు రాలేదు. గుర్తు రాలేదనడం కూడా అబద్ధమేనేమో. ఆ గదిలో ఆమె "సారుకు చెప్పకు" అన్నప్పుడు నా గుండె తేలికపడింది. అంతమంది చూస్తుండగా దిగి చెడగొడతానేమోనని పొద్దుటి నుంచి నాకు భయంగానే ఉంది. ఆమె మాటే నాకు సాకుగా దొరికింది. ఒక్క మాట సారుకు చెబితే ఆమె వేలు మిగిలేది, నేను దిగేదాన్ని. ఆమె తన భయం ఒప్పుకుంది. నేను నాది దాచి ఆమెను క్షమించి వచ్చాను. నా బతుకును లాక్కున్నాననుకుంటూ ఆమె చివరి రోజులు గడిపింది. ఆదివారం చెబుదామనుకున్న మాట ఇదే. అదే రోజు వెనక్కి తిరిగి ఎందుకు వెళ్లలేదో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా జట్టులో సెట్టర్లుగా మోకాలు నొప్పితో కుంటే మూడో ఏడు పిల్ల ఒకతె, ఆమె వెనక మొదటి ఏడు పిల్ల ఒకతె ఉన్నారు. చిన్నదాన్ని ఎప్పుడు దింపుతారు మేడమ్ అని జట్టులో పిల్లలు అడుగుతుంటారు. ఆటలో తయారైందో లేదో నేను చెప్పగలను, అక్క నేర్పింది. ఆ పిల్ల లోపల ఏ భయం దాచుకుందో ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మట్టెవాడ ఇంట్లో పెట్టె చుట్టూ చర్చి వాళ్లు కూర్చుని పాడుతున్నారు. అక్క చేతులు రొమ్ము మీద కలిపి పెట్టారు. కుడి చిటికెన వేలు ఒక్కటే పక్కకు లేచి ఉంది. ఆమె వదిన దాన్ని లోపలికి నొక్కుతోంది. అది మళ్లీ పైకి వస్తోంది.

"ఇడిసిపెట్టు వదినా" అన్నాడు తమ్ముడు. "ఆ వేలెన్నడు మాట వినలే."

నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ఆ వేలును పక్క వేలుతో కలిపి రెండు చుట్లు చుట్టాను. కత్తెర లేదు, పళ్లతో చింపాను. ఈసారి గట్టిగా బిగించలేదు.