ఖాలూ డైరీలో ప్రశ్నార్థకాలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది తెనాలి లైబ్రరీకి ఇంకా రాని పుస్తకంలోనే ఉండాలి. కాలేజీ మొహం చూడకుండా ఒక్క పుస్తకంతో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నానని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. (ముందుమాటలు చదవడం నామోషీగా భావించి నలభయ్యో పేజీ నుంచి మొదలుపెట్టిన సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు.) మా అమ్మ చెల్లెలు, రేపల్లె ఖాలా, నన్ను నిజంగానే నమ్మింది. ఆమె భర్త, మా ఖాలూ, పోయి అప్పటికి మూడు నెలలు. ఆయన రోజూ కంప్యూటర్లో తెలుగులో డైరీ రాసుకునేవారు, ఆమెను మాత్రం చూడనిచ్చేవారు కాదు. ఆ కంప్యూటర్ పాడైపోయింది. మిగిలిన ఒక్క పెన్‌డ్రైవ్‌ను పక్కింట్లో తెరిస్తే తెలుగుకు బదులు నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు కనిపించాయట.

“ఏం రాశారో ఒక్కసారి చూపించరా,” అంది.

“నువ్వు టీ పెట్టేలోపు అయిపోద్ది ఖాలా!”

అక్షరాలు సరిచేసి అదే ఫైలులో తిరిగి రాసే ప్రోగ్రామ్ రాశాను. ఈ అక్షరాలు నా వల్ల కావని అది మొరాయించింది. పుస్తకం తిరగేస్తే, ‘రిప్లేస్’ అనే మాట చేరిస్తే ఎర్రర్ రాదని ఉంది. చేర్చాను. నిజంగానే రాలేదు. ఫైలు తెరిస్తే తేదీలున్నాయి, కామాలున్నాయి, మాటల మధ్య ఖాళీలూ ఉన్నాయి. ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ బదులు ఒక్కో ప్రశ్నార్థకం.

మర్నాడు బాపట్లలో కంప్యూటర్ సెంటర్ సార్ దగ్గరికి పరిగెత్తాను.

“పాత ఫైలు కాపీ ఏది బాబూ?”

“తీయలేదండి.”

ఆయన కళ్లజోడు తీసేశారు. “ఫైలుకు రోగమేం లేదయ్యా. తెరిచేటప్పుడు లిపి పద్ధతి యూటీఎఫ్-8 అని చెబితే శుభ్రంగా కనపడేది. ఇప్పుడివి ఉత్త ప్రశ్నార్థకాలే. వీటి వెనక ఏమీ లేదు.”

రేపల్లె బస్సులో నాలుగు అబద్ధాలు తయారుచేసుకున్నాను. (వైరస్ అన్నది వాటిలో నయం.) ఖాలా మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. జరిగింది చెప్పేశాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని తేదీల మీద వేలు పెట్టింది.

“ఈ రోజేంట్రా, ఇంత పొడుగు రాశారు? ఓ... నా ఆపరేషన్ రోజు.” కిందికి వచ్చింది. “ఇక్కడ చూడు, మూడే మాటలు. ఆ రోజు నాతో పోట్లాట. నోటితోనూ అంతే మాట్లాడారు!” నవ్వబోయి ఆగిపోయింది. “నా పేరుకు ఎన్ని పడతాయిరా?”

వేళ్ల మీద లెక్కపెట్టాను. “ఆరు ఖాలా.”

ఆమె చివరి పేజీకి వెళ్లి ఆరేసి గుర్తులున్న మాటలు వెతకడం మొదలుపెట్టింది. “ఇక్కడుంది... ఇదిగో, ఇక్కడ కూడా.”

ఆరు పట్టే మాటలు తెలుగులో వేలకు వేలు. అది ‘కిటికీ’ కావచ్చు, ‘మందులు’ కావచ్చు. అంత చదువు చదివిన నేను తెలిసిన ముక్క చెప్పకుండా ఊరుకున్నది, నాకు గుర్తున్నంతవరకు, అదే మొదటిసారి. “అవును ఖాలా, అది కూడా నీదే,” అన్నాను.