బాబా ఎడమ చెయ్యి

మొన్న మా ఇంట్లో కొత్త లెట్రిన్ కట్టిస్తుంటే, నల్లాలు బిగించే అతను "నీళ్ల పైపు ఏ దిక్కు పెట్టాలె కాకా?" అని అడిగాడు. "కుడి దిక్కు" అన్నాను టక్కున. కుడి చేత్తో పైపు పట్టుకుంటే ఎడమ చేత్తో కడుక్కోవచ్చు. ఇంత చిన్న సంగతికి ఒకప్పుడు నా బుర్ర ఎంత తిరిగిపోయిందో తలుచుకుంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు బందై, నేసేవాళ్లం తలో దిక్కూ పోయిన రోజులవి. నేను దుబాయి పోయాను. మా వైపు గల్ఫులో ఏ దేశం పోయినా దుబాయి పోయాడనే అంటారు లెండి. నాకు దొరికిన పని ఒక ముసలాయన్ను చూసుకోవడం. ఇంట్లో అందరూ ఆయన్ను బాబా అనేవారు, నేనూ అట్లాగే పిలిచాను. పక్షవాతం వచ్చి ఆయనకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది కానీ అదంతా అరబ్బీ, నాకేమో ఎడమ, కుడి, నీళ్లు, బువ్వ లాంటి నాలుగు ముక్కలు తప్ప రావు. లెట్రిన్‌కు తీసుకుపోయి కూర్చోబెట్టి, పైపు కుడి చేతికి అందించి, తలుపు దగ్గరకు వేసి బయట నిలబడేవాణ్ణి. పెద్దమనిషికి మానమర్యాద ఉంటుంది కదా అని నా ఆలోచన.

కొన్నాళ్లకు బాబా తిండి తగ్గించాడు. ముద్ద కలిపి, ఆ చేతినే చూస్తూ కూర్చుని, తిరిగి పళ్లెంలో వదిలేసేవాడు. చెంచా ఇస్తే విసిరికొట్టాడు. తర్వాత నీళ్లు కూడా మానేశాడు. ఇదేం గోస దేవుడా అనుకున్నాను. నేను హిందువునని నా చేతి తిండి పడటం లేదా? బొట్టు పెట్టుకోవడం మానేశాను. సబ్బు మార్చాను. గడ్డం పెంచాను. అది చూసి బాబా ఇంకాస్త బిత్తరపోయాడు. ఆయన కొడుకు మాత్రం వచ్చీరాని హిందీలో తేల్చి చెప్పాడు, తండ్రి తినకపోతే నన్ను ఇంటికి పంపి వేరేవాణ్ణి తెచ్చుకుంటానని. ఇంటికి పోయి ఏం చేయాలి? ఆగిపోయిన సాంచెలను చూస్తూ కూర్చోవాలా?

పక్కింట్లో డ్రైవర్ పని చేసే కోరుట్ల సాయిబు చిచ్చా దగ్గరికి పోయి ఏడ్చినంత పని చేశాను. ఆయన అంతా విని, "లెట్రిన్ల కడిగేదెవరురా?" అన్నాడు.

"ఆయనే చిచ్చా. కుడి చెయ్యి మంచిగనే ఉన్నది గదా."

చిచ్చా నెత్తి పట్టుకున్నాడు. "గదేరా లొల్లి! కుడి చేత్తోని గక్కడ ముట్టద్దు మాకు. బువ్వ తినే చెయ్యి గది. లెట్రిన్ పోవుడే వద్దని తిండి, నీళ్లు బంద్ వెట్టిండు. మీరు ఏ చేత్తోని కడుక్కుంటర్రా?"

"ఎడమ చేత్తోనే."

"మరి?"

పుట్టినప్పటి నుంచి నేనూ చేస్తున్న పనే, నా బుర్రకు తట్టలేదు.

"ఇంకొకరు కడిగినా నడుస్తది. చేతికి బట్ట సుట్టుకో, సూపు పక్కకు పెట్టుకో. అసలు గంత తిప్పలైతే కడుక్కోకున్నా మా దీన్‌ల మాఫీ గూడ ఉంటదిరా, ముసలాయన ఇంటడా?"

"కొడుకు కడగొద్దా చిచ్చా?"

"కొడుకు ముంగట తండ్రి సిగ్గుపడుతడు."

మరి నా ముందు సిగ్గు ఉండదా? అది అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

మర్నాడు ఎడమ చేతికి బట్ట చుట్టుకుని బాబా ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియక కుడి చెయ్యి వీపు వెనక దాచి, మొహం గోడ వైపు తిప్పి, ఎడమ చెయ్యి చాపాను.

"యసార్?" అన్నాడు బాబా. ఎడమ చెయ్యేనా అని.

"యసార్, బాబా."

ఆ పూట నా చేత్తో కడిగించుకుని, బయటికి వచ్చాక ఆయనే నీళ్లు అడిగాడు. కుడి చేత్తో గ్లాసు పట్టుకుని చివరిదాకా తాగాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నౌకరీ నిలబడినందుకో, ముసలాయన తాగినందుకో తెలియదు.

నౌకరీ నిలబడింది కాబట్టి అక్కడే ఉండిపోయాను. ఆ ఏడాదే సిరిసిల్లలో మా నాన్న మంచాన పడ్డాడు, నేను చేరేలోపే పోయాడు. ఆయన్ను ఆ మంచం మీద ఎవరు కడిగారో అప్పట్లో అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు అడుగుదామంటే, చెప్పగలిగిన వాళ్లెవరూ మిగల్లేదు.