పక్క యంత్రం మీది నిమ్మకాయ

అమావాస్య నాడు యంత్రానికి నిమ్మకాయ కట్టబోయి చెయ్యి పోగొట్టుకున్న మిల్లు కార్మికుడి కథ మీరు ఎంతమందికి చెప్పారు?

చెప్పే ఉంటారు. మన హేతువాద సభల్లో అది తిరిగినంతగా మరో కథ తిరగలేదు. మూఢనమ్మకం మనిషిని ఏం చేస్తుందో చూపడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ లేదని నేనే అనేవాణ్ణి. ఎందుకంటే ఆ కథ నాది. మొదట చెప్పింది నేను. కల్పించిందీ నేనే.

ఈ ఒక్క మాట ఏళ్ల తరబడి నా మీద కూర్చుని ఉంది. ఇప్పుడు రాసి, లేచి, గదిలో అటూ ఇటూ తిరిగి వచ్చాను. కొట్టేద్దామా అనిపించింది. కొట్టేయలేదు.

నా పేరు వేయవద్దని ఈ పత్రికవాళ్లను కోరాను. పేరు చూస్తే మీరు మనిషిని తిట్టడం మొదలుపెట్టి విషయం వదిలేస్తారని నా వాదన. వాదనలు నాకు సులువుగా దొరుకుతాయి. అసలు సంగతి సిగ్గేమో.

నేను హిందూపురం బయట ఒక నూలు మిల్లులో ఆఫీసరుగా ఉండేవాణ్ణి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎలా తగిలిందో విచారించాలి. మళ్ళీ తగలకుండా చూడాలి. పరిహారం కావాలని వస్తే కంపెనీ తరఫున జవాబు చెప్పాలి. మనిషిని కాపాడే పనీ, ఆ మనిషికి డబ్బు రాకుండా చూసే పనీ ఒకే కుర్చీకి అప్పగించడంలోనే మోసం ఉంది. అది అప్పుడు నాకు తోచలేదా? తోచింది. తోచిన ప్రతిసారీ ఆదివారం సభలో మరింత గట్టిగా మాట్లాడేవాణ్ణి. పెనుకొండ, ధర్మవరం, మడకశిర, ఎక్కడ పిలిస్తే అక్కడికి బస్సెక్కేవాణ్ణి. కారణం అడగండి, ఏది జరిగినా కారణం అడగండి, ఇదే నా పల్లవి.

గంగాద్రిని మొదట చూసింది పెనుకొండ సభలోనే. మా మిల్లులోనే కాంట్రాక్టరు కింద పనిచేసేవాడని అప్పటికి నాకు తెలియదు. నేను దేవుడు లేడని నిరూపించడం పూర్తిచేసి నీళ్లు తాగుతుంటే వెనక వరసలోంచి లేచాడు. "సామి లేడు, సరే సార్. మా ఓనరు ఉండాడే, ఆయన్నేం చేద్దాం?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

నోరు అదుపులో ఉండే మనిషి కాదు. పని ఎగ్గొట్టడంలోనూ తక్కువవాడు కాదు. మిల్లులో ప్రతివాడికీ ఒక పేరు పెట్టేవాడు. నాకు పెట్టిన పేరు సామిలేడు సారు. నా ముఖం మీదే అనేవాడు. నాకు లోలోపల ఆ పేరు ఇష్టంగానే ఉండేది.

మా ఓనరుకు అమావాస్య పట్టింపు. ఆ రోజు పొద్దున ఏ యంత్రం మీద పనిచేసేవాడు ఆ యంత్రానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండగా గుచ్చి కట్టాలి, కుంకుమ పెట్టాలి. పెనుకొండ సభ తర్వాత గంగాద్రి కట్టడం మానేశాడు. మేస్త్రీ గద్దిస్తే పోయి సామిలేడు సారునడుగు అన్నాడట. మేస్త్రీ వచ్చి నాకు ఫిర్యాదు చేశాడు. నేను పొంగిపోయాను. నా మాట విని ఒక మనిషి మారాడు. అన్ని యంత్రాలకూ నిమ్మకాయలు వేలాడుతుంటే అతని యంత్రం ఒక్కటే బోసిగా ఉండేది. అటు వెళ్లినప్పుడల్లా దాన్ని ఒకసారి చూసుకునేవాణ్ణి, సొంత మడిలో మొలకను చూసుకున్నట్టు.

ఆ యంత్రంలో ఇంకొకటి కూడా ఉండేది. అదీ చూసేవాణ్ణి.

కార్డింగ్ యంత్రం పత్తిని దువ్వి పీచుగా విడదీస్తుంది. లోపల సన్నటి ఇనుప ముళ్ళున్న రోలర్లు తిరుగుతుంటాయి. తలుపు తెరిస్తే కరెంటు తెగిపోయేలా ఒక స్విచ్చి ఉంటుంది. పత్తి అడ్డుపడినప్పుడల్లా తలుపు తెరవాలి, రోలర్లు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి, పత్తి తీసి మళ్ళీ నడపాలి. ఒకసారి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆర్డరు అయ్యేదాకా ఆ స్విచ్చిలను నొక్కిపెట్టి తీగతో కట్టేద్దామని ప్రొడక్షన్ మేనేజరు నన్ను అడిగాడు. అలా కడితే తలుపు తెరిచినా యంత్రం తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతుండగానే చెయ్యి పెట్టి పత్తి లాగేయాలి. వద్దని చెప్పడానికే నాకు జీతం. నేను సరే అన్నాను. ఆర్డరు అయిపోయింది. తీగలు ఉండిపోయాయి.

ఒక అమావాస్య పొద్దున గంగాద్రి కుడిచెయ్యి లోపలికి పోయింది.

నేను వెళ్లేసరికి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. యంత్రాలు ఆపేశారు. అంత పెద్ద షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. బయట చేరిన కార్మికుల మాటలు వినిపిస్తున్నాయి. అన్నిటికీ నిమ్మకాయ ఉంది, వాడి యంత్రానికే లేదు, అందుకే ఇట్లయింది అని.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఎన్ని చెప్పినా ఈ జనం మారరు అనుకున్నాను. తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి, స్విచ్చికి చుట్టిన తీగను కళ్లతో చూస్తూ, నేను నిమ్మకాయ మీద కోపం తెచ్చుకున్నాను. మనిషి మనసు ఇంత పని చేయగలదని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మేనేజరు వచ్చాడు. ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరు బయలుదేరాడు, ఏం చెబుదాం అన్నాడు. దీన్ని నేను చూస్తాను, మీరు వెళ్లి మిగతా యంత్రాల తీగలు విప్పడానికి మనిషిని తీసుకురండి అన్నాను. తీగ విప్పి జేబులో వేసుకున్నాను. పక్క యంత్రం మీది నిమ్మకాయ దండ తెంపాను. గంగాద్రి యంత్రం తలుపు లోపల పడేశాను. వేళ్లకు అంటిన కుంకుమను ప్యాంటుకు తుడుచుకున్నాను. అంతే. ఒక బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

నన్ను ఎవరూ బెదిరించలేదు. ఓనరు ఒక్క మాట అనలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉండింది, కాదనను. కానీ నన్ను నేను ఎంత తవ్వుకున్నా ఆ భయం కన్నా ముందు ఇంకొకటి తగులుతుంది. ఆ కథ నాకు నచ్చింది. నిమ్మకాయ కట్టడానికి తలుపు తెరిచాడు, రోలర్లు నిలిచేదాకా ఆగలేదు, చెయ్యి పోయింది. ఎంత పొందికగా ఉంది. సభలో ఎంత బాగా పండుతుంది. అబద్ధం నోట్లోకి రాకముందే చప్పట్లు వినిపించాయి నాకు.

కార్మికుడు కావాలనే రక్షణ తలుపు తీసి గాయపడితే యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదని వాదించడానికి చట్టంలో ఒక సందు ఉంది. గంగాద్రికి ఈఎస్ఐ బీమా లేదు, ఆ పరిహారమే దిక్కు. ఆ సందు నాకు బాగా తెలుసు. కార్మిక శాఖ విచారణలో గంగాద్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. తీగ కట్టి ఉండిందన్నాడు. తాను నిమ్మకాయ కట్టే మనిషే కాదన్నాడు. మరి నీ యంత్రంలోకి నిమ్మకాయ ఎలా వచ్చిందని అధికారి అడిగితే నాకు తెలీదు సార్ అన్నాడు. మేస్త్రీ తల ఎత్తలేదు. అధికారి నా వైపు తిరిగాడు. నేను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. సభలో ఒకటి చెబుతారు, పని దగ్గర ఇంకొకటి చేస్తారు, మనుషులంతే సార్ అన్నాను.

ఎవరి గురించి అన్నాను ఆ మాట?

పరిహారం రాలేదు. గంగాద్రి పల్లె వదిలి ధర్మవరంలో అత్తగారింటికి చేరాడు. నేను మరికొన్నాళ్లకు ఉద్యోగం మానేసి పూర్తిగా రాతల్లో, ఉపన్యాసాల్లో పడ్డాను. నిమ్మకాయ కథ నాతో ఊరూరా తిరిగింది. చెప్పగా చెప్పగా నునుపుదేలింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. కొన్నాళ్లకు అది జరిగినట్టే నాకు కళ్లకు కట్టేది.

ధర్మవరంలో చేనేత కార్మికుల సభలోనూ అదే చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఒకతను ఎదురుగా నిలబడ్డాడు. ముఖం గుర్తుపట్టలేదు. వేలాడుతున్న చొక్కా చేతిని గుర్తుపట్టాను.

"బాగుండారా సామిలేడు సారూ? కత బాగా చెప్పినారు. యాడ నవ్వల్లో ఆడ నవ్వినారు జనం. నేనూ నవ్వినా."

"గంగాద్రీ" అన్నాను. 

"పేరు చెప్పలేదులే మీరు, అదే పదివేలు. మా మామ లోపలే ఉండాడు. ఆ నిమ్మకాయోడు నేనేనని ఆయనకింకా తెలీదు." ఒక అడుగు దగ్గరికి వేశాడు. "ఒకటి అడగల్ల సార్. ఆ నిమ్మకాయ మీకు యాడ దొరికె? పక్క మిషను మీదిదేనా?"

"అవును" అన్నాను. ఆ విషయంలో నేను పలికిన మొదటి నిజం అదే.

అతను తల ఊపాడు. చాలాకాలంగా విప్పుతున్న చిక్కు ముడి వీడినట్టు.

"మా ఇంటిది ఏమంటాదో తెల్సునా? నిమ్మకాయ కట్టింటే చెయ్యి నిలిచేదంటాది. మీరేమో కట్టినందుకే పాయ అంటారు. కట్టినా పాయ, కట్టకున్నా పాయ. ఆయమ్మతోనన్నా కొట్లాడొచ్చు. మీతో ఏం కొట్లాడేది సార్? మీ మాట ఇనే కదా నేను మానుకునింది."

ఏదైనా చేస్తాను, చెప్పు అన్నాను. డబ్బు మాట కూడా ఎత్తానేమో. అతను ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఏమొద్దు. యాడాడ ఈ కత చెప్పినారో ఆడంతా ఒక్కతూరి తీగ సంగతి చెప్పండి. అంతే."

చెబుతానన్నాను. చెప్పలేదు.

కథ చెప్పడం మాత్రం మానేశాను. మానేయడమే నిజాయితీ అనుకున్నాను. చూశారా, నాకు వాదనలు ఎంత సులువుగా దొరుకుతాయో. నోరు మూసుకుని కూడా మంచివాణ్ణి అనిపించుకోగలను.

ఈ మధ్య హిందూపురంలో ఒక సభ జరిగింది. వేదిక మీద నన్ను కూర్చోబెట్టారు. ఒక యువ అధ్యాపకురాలు మాట్లాడుతూ నిమ్మకాయ కథ ఎత్తుకుంది. ఆమెకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఎవరో చెప్పగా విన్నది. నా కథలో లేనివి ఎన్నో చేరాయి. ఇప్పుడా కార్మికుడు కళ్లు మూసుకుని మంత్రం చదువుతున్నాడు. జనం నవ్వారు. ఆమె మాటల్లో నిప్పు ఉంది, ఒకప్పటి నా మాటల్లో ఉన్నట్టే. ముగించాక అందరూ చప్పట్లు కొట్టారు.

నేనూ కొట్టాను. రెండు చేతులతో.

ఆ రోజు నుంచి నిద్ర లేదు. చెయ్యి పోయింది అమావాస్య వల్ల అన్నవాళ్లూ, నిమ్మకాయ వల్ల అన్న నేనూ, ఇద్దరం కలిసి ఒక్క పనే చేశాం. తీగ మీదికి చూపు పోకుండా చేశాం. వాళ్లకు తెలియక చేశారు. నాకు తెలిసి చేశాను. కారణం అడగండి అని ఊరూరా చెప్పిన మనిషిని. కారణం అప్పుడు నా జేబులోనే ఉండింది. ఆ తీగ ఆ సాయంత్రమే రోడ్డు పక్కన పారేశాను. దాచి ఉంటే సాక్ష్యంగా చూపేవాణ్ణి. అదీ చేయలేదు.

కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి జరిగింది సంతకం పెట్టి ఇచ్చాను. పాత కేసు, తిరగదోడటం కష్టమన్నారు. తీసుకున్నారు మాత్రం. ఆ తర్వాత ధర్మవరం వెళ్లాను, ఈ రాత అచ్చుకు ఇచ్చేముందు గంగాద్రికి చదివి వినిపిద్దామని. గడప అవతలే నిలబెట్టాడు. లోపలికి రమ్మనలేదు. నాకెందుకు సార్ చదివేది, నాకు తెలిసిందే కదా, తెలీనోల్లకు చెప్పుపోండి అన్నాడు. తలుపు వేసుకున్నాడు. కోపంగా కాదు. పని ఉన్న మనిషి వేసుకున్నట్టు.

అతను క్షమించలేదు. నేను అడగలేదు. ఈ కాగితాలు ముగుస్తుంటే ఊపిరి కాస్త కిందికి దిగుతోంది, అంతే. అది నాకు దక్కాల్సిందో కాదో తేల్చుకోలేకపోతున్నాను.

తెలియనివాళ్లు మీరు. అందుకే మీకు చెప్పాను. ఇప్పుడు మీ వంతు. ఆ కథ ఎక్కడ చెప్పారో, ఎవరిని నవ్వించారో, అక్కడికే వెళ్లండి. ఆ మనిషి నిమ్మకాయ కట్టలేదని చెప్పండి. తీగ ఉండిందని చెప్పండి. కట్టనిచ్చింది, విప్పి మాయం చేసింది మన మనిషే అని చెప్పండి. మీలో మిల్లుకు వెళ్లేవాళ్లు రేపు పనికి దిగేముందు, యంత్రం ఆగి ఉండగానే, తలుపు స్విచ్చి దగ్గర వంగి చూడండి. తీగ కనబడితే విప్పించండి. విప్పేదాకా దాన్ని నడవనివ్వకండి.